మాట ఆగిన చోట

ఆ క్రేను నిచ్చెనకు నూట అరవై రెండు మెట్లు. సైటులో ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ అమ్మాయికి మాత్రం తెలుసు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి లెక్కపెట్టుకుంటూ ఎక్కితేనే ఆమె కాళ్ళు కదిలేవి. నలభయ్యో మెట్టు దగ్గర అరచేతులు తడిసేవి. తొంభయ్యో మెట్టుకి కింది మనుషులంతా పసుపు టోపీలైపోయేవారు. నూట ఇరవై దాటాక గాలికి స్తంభం ఊగడం తెలిసేది. అక్కడినుంచి కళ్ళు గట్టిగా మూసుకుని, మిగతా మెట్లు చేతులతో తడుముకుంటూ ఎక్కేది.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఫిజిక్సు చదివింది. తాడుకి వేలాడే బరువు ఎందుకు ఊగుతుందో కాగితం మీద ఎన్ని మార్కులకైనా రాయగలదు. రెండేళ్ళు ఉద్యోగాల కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి క్రేను నడపడం నేర్పిస్తామంటే చేరింది. సైటులో అందరూ ఆమెను డిగ్రీ అనే పిలిచేవారు. పైన చల్లగా ఉందా డిగ్రీ అని ఒకరు, మేఘాలు తగులుతున్నాయా అని ఇంకొకరు. ఆమె నవ్వేసి ఊరుకునేది. భయమేస్తోందని చెబితే నేర్చుకున్న పని కాస్తా పోతుందని ఆమె బెంగ.

ఆమెకు కింద కళ్ళుగా ఉండే మనిషిని అందరూ వాగుడుకాయ అనేవారు. ఆమె మాత్రం బాబాయ్ అనేది. భవనం వెనక లిఫ్టు కోసం తవ్విన గొయ్యి ఒకటి ఉంది. కేబిన్‌లోంచి చూస్తే ఆ గొయ్యి కనిపించదు, మధ్యలో ఏడంతస్తుల గోడ అడ్డం. గోడ అవతలికి బరువు దించాలంటే కింద నిలబడి బాబాయ్ రేడియోలో చెప్పే మాటే ఆధారం. దానికో పద్ధతి ఉంది. దించు, దించు, దించు అని ఆయన ఆపకుండా అంటూనే ఉండాలి. ఆ మాట వినిపించినంతసేపే ఆమె చెయ్యి కదలాలి. మాట ఆగిందా, ఎందుకు ఆగిందో తెలియకపోయినా సరే, చెయ్యి ఆగిపోవాలి. ఆపమని ఎవరన్నా ఆపాల్సిందే, ఆఖరికి సైటు ఊడ్చే ఆవిడ అన్నా సరే. కదపమని మాత్రం చెప్పాల్సింది ఒక్క మనిషే.

మొదటి రోజే బాబాయ్ ఇదంతా వివరంగా చెప్పి, చివర్లో తన సొంత గోడు కూడా కలిపాడు. "ఇంట్లో మీ పిన్ని నోరు మూసుకోమంటుంది. ఇక్కడ మూసుకుంటే ఉద్యోగం ఊడుతుంది. అందుకే తెల్లారగానే ఇక్కడికి పరిగెత్తుకొస్తా, తల్లీ."

పని తొందరగా పట్టుబడాలని ఆ అమ్మాయి ఒక ఉపాయం ఆలోచించింది. బాబాయ్ గొంతును ఫోనులో రికార్డు చేసుకుంది. సాయంత్రం ఇంటికొచ్చాక వంటింటి గట్టు ముందు పీట వేసుకుని కూర్చుని, రెండు గరిటెలు నిలబెట్టి, అవే లీవర్లనుకుని ఆ గొంతుకి తగ్గట్టు కదిపేది. పక్కగదిలో బట్టలు కుట్టుకునే అమ్మ, మా పిల్ల గరిటెలతో వంట తప్ప అన్నీ చేస్తుందని ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్పి నవ్వేది. పదిరోజుల్లో ఆ లయ ఆమె మణికట్టులోకి ఇంకిపోయింది. ఫోను కట్టేసినా చెయ్యి దానంతటదే కదిలేది. పని వచ్చేసిందనుకుని మురిసిపోయింది. రికార్డులో బాబాయ్ గొంతు ఎక్కడా మధ్యలో ఆగదన్న సంగతి ఆమెకు తట్టనేలేదు.

పదకొండో రోజు ఇనప చువ్వల కట్టను గొయ్యిలోకి దించుతోంది. దించు, దించు, దించు అంటున్న గొంతు ఠక్కున ఆగిపోయింది. ఆమె చెయ్యి ఆగలేదు. వంటింట్లో నేర్చుకున్న లయలోనే మరో మూడు దించులకు సరిపడా తాడు వదిలింది. అంతలో కింద ఎవరో కేక పెట్టారు.

కట్ట పక్కకి జారుతోందని చూసి బాబాయ్ మాట ఆపాడట. చువ్వల కొసలు ఆయన కుడి పాదం మీద పడ్డాయి. రెండు వేళ్ళు నలిగిపోయాయి. జానెడు ఇటు పడి ఉంటే మోకాలు పోయేది, ఇంకాస్త ఇటైతే మనిషే పోయేవాడని కింద చెప్పుకున్నారు. ఆ మాటలు రేడియోలో ఆమెకు వినబడుతూనే ఉన్నాయి. ఆ రోజు నూట అరవై రెండు మెట్లు ఎలా దిగిందో ఆమెకు గుర్తు లేదు.

సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూసి, క్రేను బ్రేకు జారి ఉంటుందని రాసుకుని వెళ్ళాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అదే ఆమెను తినేసింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. గరిటె చప్పుడైతే ఉలిక్కిపడేది. తన చెయ్యి తనది కాదేమోనని, తను చూడనప్పుడు అదేదో చేసేస్తుందేమోనని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండో చేత్తో పట్టుకుని కూర్చునేది.

నాలుగోరోజు బాబాయ్ ఇంటికి వెళ్ళింది. ఆయన కట్టు కట్టిన కాలు కుర్చీ మీద పెట్టుకుని, చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ చువ్వల కథ చెబుతున్నాడు. వాళ్ళు వెళ్ళేదాకా గోడకి ఆనుకుని నిలబడి, అప్పుడు నోరు విప్పింది. బ్రేకు బాగానే ఉంది బాబాయ్, మీ మాట ఆగడం నాకు తెలిసింది, చెయ్యే ఆగలేదు అంది. గరిటెల సంగతి, రికార్డు సంగతి మొత్తం చెప్పేసింది.

ఆయన కాలి కట్టు కాస్త సవరించుకున్నాడు. "తెలుసులేమ్మా. బ్రేకు జారిందో చెయ్యి జారిందో నా కాలివేళ్ళకి తెలియదా?" అన్నాడు. "ఆ కాగితంలో ఉన్న మాట నేను చెప్పింది కాదు, ఆఫీసరే రాసుకున్నాడు. అది సరిచెయ్యాలో వద్దో నువ్వే ఆలోచించుకో."

మర్నాడు ఆఫీసరు గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పాత కాగితం కొట్టేసి కొత్తది రాశాడు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. ఆయన నెమ్మదిగానే చెప్పాడు. నెలరోజులు క్రేను ఎక్కకూడదు. ఆ తర్వాత ఒకే ఒక్క పరీక్ష, అదే గొయ్యిలోకి, అదే సిగ్నల్‌మ్యాన్‌తో, అంటే బాబాయ్‌తోనే, అదీ ఆయన ఒప్పుకుంటేనే. మాట ఆగాక చెయ్యి వెంట్రుకవాసి కదిలినా ఇక ఏ సైటులోనూ లీవర్ పట్టనివ్వను అన్నాడు.

బాబాయ్ ఒప్పుకున్నాడు. అందుకు ఆమెకు సంతోషం కలగలేదు, ఇంకా భయమేసింది. ఈసారి ఆ మనిషి తలే తన చేతి కింద ఉంటుంది.

ఆ నెలంతా స్టోరు గదిలో సామాను సర్దింది. పరీక్షకి ముందురోజు సాయంత్రం, నావల్ల కాదు, మానేస్తానని అమ్మతో అంది. అమ్మ మిషను ఆపి, ఎడమ చూపుడువేలు చూపించింది. ఆ గోరు మధ్యలో పాత చీలిక ఒకటుంది. ఆ వేలిలో సూది దిగిందని కూతురికి తెలుసు. ఆ తర్వాత ఏం జరిగిందో ఎప్పుడూ అడగలేదు.

"రెండు నెలలు మిషను వైపు చూస్తేనే ఒళ్ళు జలదరించేది. తర్వాత కూర్చోక తప్పలేదు," అంది అమ్మ. "సూది వంక చూస్తే భయం పెరుగుతుందే. అందుకని వేలి వంక చూడ్డం అలవాటు చేసుకున్నా. అది ఎక్కడుందో నాకు తెలిస్తే చాలు."

"మరి భయం పోయిందా?"

"ఏం పోవడం. ఇప్పుడూ ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని కుడతా."

ఆమె ఫోను తీసి రికార్డు చెరిపేసింది. గరిటెలు కడిగి, వాటి చోట పెట్టేసింది.

పరీక్ష రోజు మబ్బుగా ఉంది. ఎనభయ్యో మెట్టు దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెడదామంటే కిందికి దిగాలి. లెక్క లేకుండానే ఎక్కింది. కేబిన్ తలుపు వేసుకునేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

బరువు ఇసుక నింపిన ఇనప తొట్టి. గోడ దాటించాక అది కనిపించకుండా పోయింది. ఆఫీసరు గొయ్యి అంచున బాబాయ్ పక్కనే నిలబడ్డాడు. దించు, దించు, దించు. ఆమె గోడ వైపు చూడలేదు. తాడు వైపూ చూడలేదు. కుడి చేతినే చూస్తోంది. బొటనవేలి మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. దాన్ని వదలకుండా చూస్తోంది.

మాట ఆగింది. పుట్టుమచ్చ ఆగింది. గడియారం ముల్లు సగం చుట్టు తిరిగాక గొంతు మళ్ళీ వచ్చింది. ఆఫీసరుగారు భుజం తట్టారు తల్లీ, అందుకని ఆపా, బాగా ఆపావు అని బాబాయే చెప్పి, కొంచెం దగ్గరికి జరుగుతా, ఉండు అన్నాడు. మళ్ళీ మొదలైంది. దించు, దించు, దిం...

ఈసారి మాట మధ్యలో తెగింది. చెయ్యి ఆగింది. రెండో పరీక్ష కాబోలు అనుకుంది. ముల్లు ఒక చుట్టు తిరిగింది. బాబాయ్ అని పిలిచింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. గాలి పెరిగింది. గాలి వేగం చూపించే ముల్లు ఎర్ర గీత వైపు జరుగుతోంది. కేబిన్ ఒక పక్కకి ఒరిగి, మెల్లగా వెనక్కి వచ్చింది.

అప్పుడు సైటు మేస్త్రి గొంతు వినబడింది. ఆయన భవనం ముందువైపున నాలుగో అంతస్తులో ఉన్నాడు. అక్కడినుంచి గొయ్యి ఆయనకీ కనిపించదు. ఆఫీసరుగారు సంతకం పెట్టడానికి ఇటు నడిచొచ్చేస్తున్నారమ్మా, నువ్వు పాసయ్యావు, ఇక దించేయ్ అన్నాడు. ఎంత మంచి మాట! చెయ్యి దానంతటదే మెత్తబడబోయింది. ఆమె పుట్టుమచ్చను చూసింది.

"బాబాయ్ చెప్పాలి," అంది.

"ఆయన రేడియో చచ్చిపోయి ఉంటుందే. గాలి చూస్తున్నావా? తొట్టి గోడకి కొడితే ఎవరు సమాధానం చెబుతారు? నేను చెబుతున్నా, దించు."

మేస్త్రి ముప్ఫయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు. ఆమె మొత్తం పని పదకొండు రోజులు. ఆయన మాటే నిజమేమో. తొట్టి గోడకి కొడితే ఈ ఉద్యోగం, ఆ నెల రోజుల ఎదురుచూపు, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. గాలి హెచ్చరిక గంట మోగడం మొదలుపెట్టింది.

"వెళ్ళి చూసి రండి," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

మేస్త్రి ఏదో గొణిగాడు. తర్వాత రేడియోలో నిశ్శబ్దం. ఆయన దిగాల్సింది నాలుగు అంతస్తులు. తిరగాల్సింది భవనం చుట్టూ. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె ఎన్నిసార్లు ఏడవబోయి మానుకుందో చెప్పలేం. ఏడిస్తే కళ్ళు మసకేస్తాయి. మసకేస్తే పుట్టుమచ్చ కనిపించదు. చెయ్యి తిమ్మిరెక్కింది. మోచెయ్యి మండింది. ఆ చేతిని ఆమె కన్నార్పకుండా కాపలా కాసింది, పొయ్యి మీద పొంగబోయే పాలను చూసినట్టు.

మేస్త్రి గొంతు మళ్ళీ వచ్చేసరికి అది పూర్తిగా మారిపోయి ఉంది.

"అమ్మా, చెయ్యి కదపకు. మనిషి దానికిందే ఉన్నాడు."

తర్వాత తెలిసింది సంగతి. ఆఫీసరు అటు వెళ్ళగానే, దగ్గరగా చూద్దామని బాబాయ్ గొయ్యిలోకి దిగాడు. దిగకూడదు, అది ఆయన తప్పు. అడుగున బురద మీద పరిచిన చెక్కల మధ్య ఆయన కొత్త బూటు ఇరుక్కుంది. ఇంకా మానని కాలు మడతపడి వెల్లకిలా పడ్డాడు. రేడియో నీళ్ళలో పడింది. అరిచాడు కానీ, పక్కన నీళ్ళు తోడే మోటారు మోతలో ఆ అరుపు ఆయనకే వినపడలేదు. తొట్టి ఆయన ఛాతీకి నిలువెత్తు పైన ఆగి ఉంది. గాలికి అది ఊగినప్పుడల్లా ఇసుక రాలి మొహం మీద పడుతోంది. దాని అడుగున ఉన్న బోల్టులు లెక్కపెడుతూ పడుకున్నాడట. పద్నాలుగు ఉన్నాయట.

బూటు అక్కడే వదిలేసి ఆయన్ని బయటికి లాగారు. అప్పుడు మేస్త్రి రేడియోలోంచి వచ్చింది ఆ గొంతు. వణుకుతోంది, కానీ ఆయనదే.

"ఉన్నాను తల్లీ. ఇక దించు. దించు, దించు, దించు..."

తొట్టి నేలను తాకాక క్రేను కట్టేసి, లీవరు మీదున్న వేళ్ళను రెండో చేత్తో ఒక్కొక్కటిగా విడదీసుకుంది. నిచ్చెన దిగుతుంటే కళ్ళు తెరిచే ఉన్నాయి. కింద మేస్త్రి తలొంచుకుని నిలబడ్డాడు. ఆఫీసరు, రేపు ఎనిమిదింటికి ఎక్కండి అని మాత్రం చెప్పి, బాబాయ్‌ని గొయ్యిలోకి దిగినందుకు పదిమందిలో చివాట్లు పెట్టి వెళ్ళాడు.

ఆమె చివరి మెట్టు మీద కూలబడింది. బాబాయ్ ఒంటి బూటుతో కుంటుకుంటూ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఒళ్ళంతా బురద, కనుబొమల్లో ఇసుక. వాగుడుకాయ ఒక్క మాటా మాట్లాడలేదు. నిచ్చెన వదలగానే ఆమె కుడి చెయ్యి మళ్ళీ గాల్లో ఆగిపోయింది, లేని లీవరును పట్టుకున్నట్టు పిడికిలి బిగిసి. దించుదామంటే వంగడం లేదు.

"ఏదో ఒకటి మాట్లాడండి బాబాయ్," అంది. "భయమేస్తోంది."

ఆయన ఆ చేతి వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"దించు," అన్నాడు మెల్లగా. "దించు... దించు... దించు..."

పిడికిలి కొద్దికొద్దిగా కిందికి దిగి, ఆమె ఒళ్ళోకి చేరింది.