ఇవ్వని ఆరడుగులు

పక్కింటి బట్టల వ్యాపారి గున్నేశ్వరరావు మూడో అంతస్తుకు స్తంభాలు లేపుతున్న వారంలోనే జ్ఞానమ్మ అర్జీ తిరిగొచ్చింది. విధవరాలైన చెల్లెలు బేబి కోసం డాబా మీద ఒక్క గది వేసుకుంటానని అడిగింది. అంత చిన్న స్థలంలో ఇంతకు మించి కట్టకూడదని మునిసిపాలిటీ వారు రాశారు. గున్నేశ్వరరావు స్థలమూ దాదాపు అంతే. ఆమెకు ఒళ్లు మండింది.

మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి, ఆయనకు లేని అడ్డు తనకెందుకని నెమ్మదిగానే అడిగితే, టౌన్ ప్లానింగ్ గుమస్తా చంద్రరావు తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"అవన్నీ టెక్నికల్ విషయాలండి. మీకు అర్థం కావు."

"ఇరవై రెండేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నానండి. ఊరి ప్లాను పటం తియ్యండి."

సణుక్కుంటూ తీశాడు. ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం. కొన్ని వీధుల్లో ఆ పసుపు మీదే ఎర్రటి ఏటవాలు గీతలున్నాయి. అవేంటని నాలుగుసార్లు అడిగితే గాని చెప్పలేదు. పసుపుకున్న నిబంధనలు అలాగే ఉంటాయి, గీతలున్నచోట వాటిపైన ఇంకొకటి వర్తిస్తుంది. దారి వెడల్పుకు తన జాగా ఉచితంగా ఇచ్చినవాడు ఒక అంతస్తు అదనంగా కట్టుకోవచ్చు. గున్నేశ్వరరావు తూర్పున ఆరడుగులు ఇచ్చాడట.

ఆ గీతలు జ్ఞానమ్మ ఇంటి మీద కూడా ఉన్నాయి. ఆ మాట ఆమెకు ఒక్కరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి బేబిచేత టేపు పట్టించి కొలిచింది. ఆయన గోడ నుంచి తన ప్రహరీ దాకా సరిగ్గా ఆరడుగులు. ఆ మధ్య ఉన్నది పాత సందే, అంగుళం కూడా పెరగలేదు. తండ్రి అబ్రహాము కాలం నుంచీ పేట జనమంతా గోదావరి రేవుకు నడిచే సందు. దాన్ని తన జాగాగా చూపించుకుని, మునిసిపాలిటీకి దానపత్రం రాసిచ్చాడన్నమాట.

కొట్టుకు వెళ్తే గున్నేశ్వరరావు మర్యాదగా కుర్చీ వేయించాడు.

"టీచరుగారూ, మీ గది సంగతి నేను చూసుకుంటానండి. ఈ సందు గొడవ వదిలెయ్యండి."

ఆమె కూర్చోలేదు. "మా దారి మాకే ఇచ్చి, దాని మీద మేడ కడతారా? మీరు ఇప్పించే గది నాకక్కర్లేదండి."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో అట్ట మీద ఆ పటం గీసి, రంగులు వేసి, పేటవాళ్లకు వివరించింది. ఎవరు ఏమిస్తే ఎవరికి ఏమొస్తుందో చెప్పేసరికి ఆడవాళ్ల మొహాలు ఎర్రబడ్డాయి. కమిషనరుకు రాసిన ఫిర్యాదు మీద నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. చేపలమ్ముకునే రత్తమ్మ వేలిముద్ర వేసి, కొలతకు కమిషనరు వచ్చిన రోజున గంపతో సహా సందు మధ్యలో నిలబడింది.

దానపత్రం రద్దయింది. రెండు నెలల తర్వాత మూడో అంతస్తు స్తంభాలు పడగొట్టారు. పత్రం మీద సంతకం చేసిన అధికారికి మాత్రం ఏమీ కాలేదు.

జ్ఞానమ్మ తన ప్రహరీ నిజంగానే రెండడుగులు వెనక్కి జరిపి, ఆ జాగా దారికిచ్చి, ఆ నిబంధన కిందే మళ్లీ అర్జీ పెట్టింది. అనుమతి కాగితం అందిస్తూ చంద్రరావు, మొదటే నెమ్మదిగా అడిగుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు గదండీ అన్నాడు.

"అడిగానండి," అంది జ్ఞానమ్మ. "మీరు తలెత్తలేదు."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, నమస్కారం చెప్పకుండానే బయటకు నడిచింది.