ముసలాయన చెవులు

సినీ విమర్శకుల సంఘం ఏటా ఇచ్చే అవార్డులకు ఓట్లు లెక్కపెట్టేది చిట్టి పనిచేసే ఆడిట్ ఆఫీసు. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో ఆమె చిట్టే. ఆఫీసు పెద్దదేమీ కాదు. రెండో అంతస్తులో మూడు గదులు, గోడ పొడవునా ఇనుప బీరువాలు, ముందు గదిలో యజమాని బల్ల. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పాతికేళ్లుగా ఆ సంఘం ఓట్లు ఆయన చేతుల మీదుగానే వెళుతున్నాయి. విమర్శకులు నలభై ముగ్గురు. వాళ్లు కంప్యూటర్లను నమ్మరు, ఒకరినొకరు అంతకన్నా నమ్మరు. అందుకని కాగితం మీద పేర్లు రాసి, కవరు అతికించి పంపుతారు.

ఏడాది పొడవునా సిమెంటు గోదాములూ మందుల కంపెనీలూ చూసే చిట్టికి సినిమా వాసన తగిలే పని అదొక్కటే. ఎన్నడూ వదులుకునేది కాదు. ఈసారి కూడా పోటీ జాబితా రాకముందే, పోటీలో ఉన్నవాళ్లెవరూ తనకు బంధువులు కారని ఎప్పటిలాగే కాగితం మీద సంతకం పెట్టేసింది. పది రోజులకు జాబితా వచ్చింది. మేకప్ విభాగంలో ఐదు పేర్లున్నాయి. మూడోది వదినది.

వదిన తెర మీద పుట్టింటి పేరే వాడుతుంది కాబట్టి ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామని చిట్టి పెద్దాయన గదిలోకి వెళ్లింది. ఆయన తల ఎత్తకుండానే, ఈసారి గుమాస్తా సెలవులో ఉన్నాడనీ, లెక్క మనిద్దరమే చూసుకోవాలనీ, ఆ వారమంతా ఎక్కడికీ కదలొద్దనీ అన్నాడు. చిట్టి సరేనని బయటికొచ్చేసింది. చెబుదాం చెబుదాం అనుకుంటూనే వారం గడిపేసింది.

వదిన ఆ సినిమా కోసం ముప్పై ఏళ్ల నటుణ్ణి ఎనభై ఏళ్ల ముసలివాణ్ణి చేసింది. ఐదు నెలలు, రోజూ తెల్లవారకముందే లేచి, కనుబొమల్లో ఒక్కో వెంట్రుకా అతికించేది. ఆ జిగురుకీ, దాన్ని వదిలించే మందుకీ వేళ్ల చివర్లు పగిలిపోయాయి. వయసు మీద పడ్డకొద్దీ మనిషి చెవులు సాగుతాయని ఎక్కడో విని, నెల రోజులు బస్సుల్లో తిరిగి ముసలివాళ్ల చెవులు చూసింది. ఒకాయన కోప్పడి సీటు మారిపోయాడట. అన్నయ్య ఆ కథ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి, "మా ఆవిడ పక్కన కూర్చునేటప్పుడు టోపీ పెట్టుకోండి" అనేవాడు. అన్నయ్యది కళ్లజోళ్ల దుకాణం. ఎంత పెద్ద విషయాన్నైనా తేలిక చేసేసి నవ్వడం ఆయనకు అలవాటు.

తెర మీద వదిన చేసిన చెవుల్ని చూసినవాళ్లలో ఒక ఆసుపత్రి డాక్టరు కూడా ఉన్నాడు. నిప్పులో కాలి చెవీ ముక్కూ పోయినవాళ్లకు రబ్బరుతో అవి చేసి అమర్చే విభాగం ఒకటి వాళ్ల ఆసుపత్రిలో కొత్తగా పెడుతున్నారు. దాన్ని చూసుకోమని వదినను అడిగాడు. పగటి ఉద్యోగం, స్థిరమైన ఉద్యోగం. గురువారం లోపు ఏదో ఒకటి చెప్పాలి. అవార్డుల సభ ఆదివారం.

అవార్డు వస్తే అదే దర్శకుడి తర్వాతి సినిమాకి మొత్తం మేకప్ విభాగం వదిన చేతిలో పెడతామన్నారు. రాకపోతే వాళ్లకు వేరే మనిషి ఉన్నాడు. వదిన లెక్క అందరికీ తెలుసు. అవార్డొస్తే సినిమా, రాకపోతే ఆసుపత్రి. నలభై మూడేళ్ల వయసులో రెంటికీ చెడటం ఆమెకు ఇష్టం లేదు. కానీ గురువారం ఆదివారం కన్నా ముందే వస్తుంది కదా.

సోమవారం ఓట్లు లెక్కపెట్టారు. నలభై రెండు కవర్లు వచ్చాయి. పెద్దాయన కవర్లు విప్పి ఇస్తుంటే చిట్టి చదివి గీతలు పెట్టింది. ఉత్తమ నటుడి విభాగంలో ఒకరు పేరు బదులు "మన పొడుగాయన" అని రాశారు. సినిమా పేరు, మనిషి పేరు రెండూ స్పష్టంగా ఉండాలనీ, అనుమానమొచ్చిన కాగితాన్ని ఇద్దరూ కలిసి చూడాలనీ నియమం. చిట్టి ఆ కాగితాన్ని ఆయన ముందు పెట్టింది. ఆయన నవ్వి, పోటీలో పొడుగాయన ఒక్కడే కదా, లెక్కలో వేసేయమన్నాడు.

మేకప్ విభాగం మధ్యాహ్నం వచ్చింది. పెద్దాయన ఫోను మాట్లాడుతూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. చిట్టి చేతిలోని కాగితం మీద నల్ల సిరాతో, వంకర అక్షరాలతో ఇలా ఉంది: "ఆ ముసలాయన చెవులు చేసినావిడకి."

మిగతా నాలుగు సినిమాల్లో ముసలివాళ్లే లేరు. అది ఎవరికి వేసిన ఓటో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ కాగితాన్ని పెద్దాయనకు చూపిస్తే ఆయన ఇదెవరని అడుగుతాడు, తను చెప్పాలి, చెబుతుంటే తన ముఖం చూస్తాడు. పోనీ చూపించకుండా లెక్కలో వేస్తే, రేపు ఎప్పుడైనా తమ చుట్టరికం బయటపడితే, వదిన కోసం వేసిందంటారు. పెద్దాయన ఫోను పెట్టేసి తిరిగి వస్తున్నాడు. చిట్టి ఆ కాగితాన్ని చెల్లని ఓట్ల కట్టలో, అన్నిటికన్నా కిందికి తోసేసింది.

సాయంత్రం లెక్క తేలింది. ఒక దెయ్యాల సినిమాకు పదిహేను ఓట్లు, వదినకు పద్నాలుగు, మిగతా ముగ్గురికీ కలిపి పన్నెండు, చెల్లనిది ఒకటి. ఖాళీ కాగితం అనుకున్నాడో ఏమో, అదేమిటని పెద్దాయన అడగలేదు. ఓట్లు సమానమైతే ఇద్దరికీ ఇవ్వడం ఆ సంఘం పద్ధతి. పెద్దాయన గెలిచినవాళ్ల పేర్లన్నీ కవర్లలో పెట్టి, లక్క వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఫలితం తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఆ కాగితం సంగతి తెలిసింది ఒక్కరికే.

ఇంటికి వెళ్లాలనిపించలేదు. వెళ్లక తప్పదు. గుమ్మంలోనే అమ్మ ఎదురైంది. ఆదివారం సభకి ఏ బట్టలు వేసుకోవాలో అడిగి, జవాబు కోసం ఆగకుండా, ఎలాగూ కోడలు గెలుస్తుంది కాబట్టి ఫోటోల్లో బాగా పడేవే వేసుకుంటానంది. కింది వాటా వాళ్లకీ ఎదురింటి వాళ్లకీ అప్పటికే చెప్పేసింది కూడా. వదిన మాత్రం ఏమీ అడగలేదు. చిట్టి చేసే పనేమిటో ఆమెకు తెలుసు. అడగకూడదనీ తెలుసు. అందుకని రెండు రోజులు వాతావరణం గురించీ, కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయనీ మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ చిట్టి కళ్లలోకి మాత్రం చూడలేదు. చిట్టి తలనొప్పి అని చెప్పి గదిలో కూర్చుంది. స్నానాల గదిలోకి వెళితే అక్కడ అద్దం ముందు చీటీ అతికించి ఉంది. వదిన రాసుకున్న నాలుగు ముక్కల ధన్యవాదాల ఉపన్యాసం అది. అందులో నాలుగో పేరు తనదే.

బుధవారం సాయంత్రం వంటింట్లో ఇద్దరే ఉన్నారు. వదిన రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి చిట్టి చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వేం మాట్లాడకు" అంది. "నేనూ ఏం అడగట్లేదు. రేపు డాక్టరుగారికి సరే అని చెప్దామనుకుంటున్నా. మంచిదే అనిపిస్తే టీ తాగు. వద్దనిపిస్తే గ్లాసు బల్ల మీద పెట్టెయ్. అంతే."

"వదినా, ఇలా చెయ్యకు."

"మాట్లాడకన్నానా?"

చిట్టి గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. తాగితే ఓడిపోయావని చెప్పినట్టు. పెడితే గెలిచావని అబద్ధం చెప్పినట్టు. లేచి వెళ్లిపోతే, గెలిచినవాళ్లను చూసి ఎవరైనా పారిపోతారా? గ్లాసు వేడికి వేళ్లు చురుక్కుమంటున్నాయి. వదిన ఆ గ్లాసు వైపే చూస్తోంది. గోడ అవతల అమ్మ రేడియో పెట్టుకుంది. ఎంతసేపలా ఉన్నారో, టీ మీద మీగడ కట్టింది. వేడి తగ్గింది.

అంతలో చిట్టి జేబులో ఫోను మోగింది. పెద్దాయన. చెయ్యి దానంతటదే గ్లాసును బల్ల మీద పెట్టి ఫోను తీసింది.

ఆదివారం కవర్లు ఎన్నింటికి తీసుకెళ్లాలో ఆయన చెబుతున్నాడు. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వచ్చి చిట్టి నెత్తి మీద చెయ్యి వేసి, ఒకసారి నిమిరి, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చిట్టి ఫోను పెట్టేసి పరుగున వెళ్లేసరికి లోపల వదిన డాక్టరుతో మాట్లాడుతోంది. అవకాశం ఇచ్చినందుకు ఎంతో సంతోషమనీ, ప్రస్తుతానికి తనకు కుదరదనీ, తనకన్నా మంచి మనిషి దొరకాలనీ. చిట్టి తలుపు మీద చెయ్యి ఎత్తి అలాగే నిలబడింది. ఇప్పుడు తలుపు కొట్టి చెప్పగలిగింది ఒక్కటే మాట. ఆ మాట చెప్పకూడదు. ఎత్తిన చెయ్యి దించేసింది.

గురువారమంతా కక్కలేక మింగలేక గడిపి, శుక్రవారం పొద్దున్న పెద్దాయన ముందు కూర్చుని మొత్తం చెప్పేసింది. సంతకం సంగతి, చుట్టరికం, కాగితం, టీ గ్లాసు, ఏదీ దాచలేదు. ఆయన అంతా విని, చివరికి లేచి, చెల్లని ఓట్ల కట్ట తెచ్చి, కింద ఉన్న కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"నాకు చూపించి ఉంటే లెక్కలో వేసేవాణ్ణి" అన్నాడు.

"ఇప్పుడు వెయ్యలేమా? కవరు బీరువాలోనే ఉంది కదండీ."

"ఉంది. విప్పడానికి అరనిమిషం పట్టదు. విప్పాక సంఘానికి ఏమని చెప్పను? మా ఆఫీసమ్మాయి వాళ్ల వదినకి ఒక ఓటు కలిపిందనా? నువ్వు తీసేసినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. కలిపితే అందరికీ వస్తుంది. ఒక్క మేకప్ మీదే కాదు, మొత్తం ఓట్ల మీద వస్తుంది."

"న్యాయం అదే కదండీ."

"న్యాయమే. సోమవారం నాడు న్యాయం. ఇవాళ అది కూడా మోసంలాగే కనిపిస్తుంది."

ఆయన ఆ కాగితాన్ని మళ్లీ కట్టలోనే పెట్టాడు. పాతికేళ్ల పేరు ఆయనది. వచ్చే ఏడాది నుంచి ఈ పని నీకు ఉండదని నెమ్మదిగానే చెప్పాడు. ఆదివారం నువ్వు ఇంటివాళ్లతో కలిసి ప్రేక్షకుల్లోనే కూర్చో, కవర్లు నేను తీసుకెళతాను, రాకపోతే మీ వదిన ఏదోలా అనుకుంటుంది అని కూడా అన్నాడు.

సభలో వాళ్లకు ఆరో వరుస ఇచ్చారు. పోటీలో ఉన్నవాళ్లను వరుస చివర కూర్చోబెడతారు, లేచి వెళ్లడానికి వీలుగా. వదిన, పక్కన చిట్టి, తర్వాత అమ్మ, అన్నయ్య. అటు లేచి పోదామంటే వదిన మోకాళ్లు, ఇటు పోదామంటే అమ్మ బ్యాగు. వేదిక మీద దీపాలు, ముందు కెమెరాలు. శబ్దం, కూర్పు, దుస్తులు, ఒక్కో విభాగం అయిపోతోంది. గెలిచినవాళ్లు మాట్లాడుతుంటే గంట కొట్టి ఆపేస్తున్నారు. మేకప్ అనగానే వదిన తన చేతిసంచీని ఒళ్లోంచి తీసి చిట్టికి ఇచ్చింది, వేదిక మీదికి ఖాళీ చేతులతో వెళ్లాలని కాబోలు. తెర మీద ముసలాయన ముఖం కనిపించింది. అన్నయ్య ఈల వేశాడు.

వేరే పేరు చదివారు.

వదిన వెంటనే చప్పట్లు కొట్టింది, అందరికన్నా ముందు. కెమెరా ఒకటి ఆమె ముఖం మీదే ఉంది. ఆమె నవ్వుతూనే ఉంది. కెమెరా పక్కకు తిరిగాక, చిట్టి ఒళ్లోంచి తన సంచీ తను తీసుకుంది. చిట్టి వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. తప్పు చదివానా అని మళ్లీ మళ్లీ చూసుకునేవాళ్ల చూపు అది. ఇంకా తొమ్మిది విభాగాలున్నాయి. అవి అయ్యేదాకా తలుపులు తీయరు.

కారులో అమ్మ మాత్రమే మాట్లాడింది. ఆ గెలిచినామె మేకప్ తన ముఖానికే సరిగ్గా వేసుకోలేదంది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున వదిన వరండాలో కుంచెలు కడిగి గుడ్డ మీద వరుసగా ఆరబెడుతోంది. చిట్టి వెళ్లి పక్కనే కింద కూర్చుంది.

"గ్లాసు ఎందుకు పెట్టావే?" అంది వదిన.

"ఫోన్ మోగింది."

వదినకు నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వి, కొంగజపం చేసినట్టు అంతసేపు గ్లాసు వైపు చూసి, ఫోను మోగడం మాత్రం తను వినలేదా అంది. ఆ నవ్వు చూసి చిట్టికి ధైర్యం వచ్చింది. అక్కడితో ఆగిపోయి ఉండాల్సింది. ఆగలేదు. పద్నాలుగూ పదిహేనూ, పొడుగాయనా, చెల్లని కట్టా, మొత్తం చెప్పింది. చెబుతుంటే వదిన చేతిలోని కుంచెలోంచి నీళ్లు ఒళ్లో పడుతున్నాయి.

"ఏం రాశారు? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఆ ముసలాయన చెవులు చేసినావిడకి."

"ఇంకోసారి చెప్పు."

చిట్టి చెప్పింది.

"అది నాదేనని నీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

"నీది కాకపోతే వేసేదాన్ని వదినా."

వదిన కుంచెను గుడ్డ మీద పెట్టింది. గొంతు పెద్దది చేయకుండానే అంది, "నువ్వు చెప్పకుండా ఉంటే, ఓడిపోయానని నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఏడవడానికి కూడా లేదు. చెప్తే నీ ఉద్యోగం పోతుంది. ఆ పెద్దాయన పరువు పోతుంది. మీ అన్నయ్యకి చెప్తే నిన్ను చూసి ఇదివరకట్లా నవ్వలేడు. నీకు బరువు దిగింది. నాకెక్కించావు."

చిట్టి ఆసుపత్రికి మళ్లీ ఫోను చేద్దామా అని అడిగింది. పొద్దున్నే చేశానని, శనివారమే వేరే మనిషిని తీసుకున్నారట అని వదిన చెప్పింది.

ఫోను మోగింది. మేకప్ వాళ్ల సంఘం నుంచి ఎవరో పెద్దావిడ. వదిన గొంతు సవరించుకుని, పరవాలేదండీ, వాళ్లకి నచ్చలేదు అంతే, ఓటంటే ఓటే కదా అంది. అది పెట్టగానే ఇంకొకటి. ముసలాయనగా వేసిన నటుడు. అతనికీ అదే మాట చెప్పింది, ఇంకొంచెం నవ్వు కలిపి. చిట్టి లేవబోయింది. వదిన ఫోను చెవి దగ్గర పెట్టుకునే, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, కూర్చోమన్నట్టు కిందికి లాగింది.

చిట్టి కూర్చుంది. మూడో ఫోను వచ్చింది.