అప్పలస్వామి గారి ఎర్ర వరుస

రెండువేల తొమ్మిదో సంవత్సరపు వర్షాకాలంలో, బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలో బొగ్గు లారీలు తిప్పే ఒక రవాణా సంస్థను ఉద్ధరించే భారం హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నెత్తికెత్తుకుంది. రాయబారానికి మాధవీలతను పంపింది. ఆమె బిజినెస్ ఎనలిస్టు; అంటే, మనుషులకు ఏమి కావాలో వాళ్లనే అడిగి, ప్రోగ్రాం రాసేవాళ్లకు బోధపడేలా చెప్పే ఉద్యోగం. పద్ధతి పేరు ఎజైల్. పూర్వపు ప్రాజెక్టుల్లా రెండేళ్లు తపస్సు చేసి ఒక్కసారి వరమివ్వడం ఇందులో ఉండదు. రెండు వారాలకొకసారి కొంత తయారుచేసి చూపాలి. వాడబోయే మనిషి ‘ఒప్పుకున్నాను’ అని సంతకం చేస్తే ముందుకు కదలాలి. ఆ రెండు వారాలను స్ప్రింట్, అంటే పరుగు, అన్నారు. మాధవీలత మూడు పరుగులు పూర్తిచేసి, బయల్దేరిన చోటే నిలబడి ఉంది.

కారణం అప్పలస్వామి గారు. రైల్వే యార్డులో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాక, ఊళ్లోని తార్‌బహార్ పేట నుంచి రోజూ సైకిలు మీద వచ్చి, ఏ లారీ ఏ గనికి పోవాలో శాసించే పెద్దమనిషి. తాతగారి నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం కనుక, తెలుగమ్మాయిని పంపితే పని సులువవుతుందని మేనేజరు రవిచంద్ర కనిపెట్టాడు. ఆ మహత్తర ఆవిష్కరణ ఫలితంగా, పని జరగకపోవడం కూడా తెలుగులోనే జరుగుతోంది.

ఏ లారీ పోవాలో ఇకమీదట కొత్త ప్రోగ్రామే ఎంచి తెర మీద చూపిస్తుంది. మొదటి స్ప్రింటు చివర ఆయన ఆ తెర చూసి, అడుగు వరుసలో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్నారు. పెంచారు. రెండోసారి ఆ వరుసకు ఎర్ర రంగు వెయ్యమన్నారు. వేశారు. మూడోసారి దాన్ని పైకి తెమ్మన్నారు. తెచ్చారు. మూడు కాగితాల మీదా ఆయన కళ్లజోడు సర్దుకుని, చెక్కుచెదరని పాత దస్తూరీలో ‘చూశాను’ అని రాసి, సంతకం చేశారు. ఆమె వాటిని విజయపత్రాలుగా భావించి హైదరాబాదుకు పంపింది.

శుక్రవారం ఉదయం రవిచంద్ర ఫోన్ చేశాడు. "చూశాను అంటే ఒప్పుకున్నట్టా? సాయంత్రానికి సరైన సంతకం రాకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. ఈ ఏడాది పని లేనివాళ్ల జాబితా ఎక్కడికి పోతుందో నీకు తెలుసుగా!"

తెలుసు. పక్క సీట్లవాళ్లు ఇద్దరు ఆ జాబితాలోంచే ఇంటికి వెళ్లారు.

"బాబాయిగారూ, ఇంకేమైనా మార్చాలా?" అంది, అప్పలస్వామి గారి బల్ల దగ్గరికి వెళ్లి.

"ఏటీ నేదమ్మా. బెమ్మాండంగా ఉంది. టీ తాగు."

"అయితే ఒప్పుకున్నానని రాయండి."

"సూసేను గదా. సూసేనని రాసేను."

మాధవీలత కలం బల్లమీద కొట్టింది. "ఆరు వారాలు! మీరు అడిగిందల్లా చేశాం. అసలు మీకేం కావాలి?"

"కావాల్సింది ఏటని రోజూ అడిగేవు. వొద్దన్నది ఏటని ఒక్కనాడైనా అడిగేవా?"

ఆమె శిక్షణ తరగతుల్లో, సర్టిఫికెట్ పరీక్షలో, నాలుగొందల పేజీల గ్రంథంలో ఎక్కడా ఎదురుపడని ప్రశ్న అది.

"సరే. ఏం వద్దు?"

ఆయన వేలు తెర పైభాగానికి వెళ్లింది. అక్కడ పెద్ద పెద్ద ఎర్రటి అక్షరాల్లో, సినిమా హీరో పేరులా వెలిగిపోతోంది: ‘లారీని పంపినవారు: అప్పలస్వామి’.

"ఎంచేది మీ మిషను. పేరు నాదా? లారీ బోల్తా పడితే ఎంక్వయిరీ ఎవడి మీద? డెబ్బై తొమ్మిదిలో, గూడ్సు వేగను బాగుందని ఎవడో రాసిన కాగితం మీద ‘ఒప్పుకున్నాను’ అని గీకేను. అది పట్టాలు దిగిపోయింది. ఛార్జిషీటు నాకు. నా పక్కన ‘చూశాను’ అని రాసినోడు ప్రమోషన్ మీద నాగ్‌పూర్ ఎల్లిపోనాడు."

"మొదటి రోజే చెప్పొచ్చుగా!"

"నా పేరు తీసీమంటే, ముసలోడు పనికి బెదిరిపోనాడని లారీల ఓనరు సేఠ్ అనుకోడా? నీ అంతట నువ్వే సూస్తావని అక్షరాలు పెంచమన్నాను. సూడ్లేదు. ఎర్రరంగెయ్యమన్నాను. అప్పుడూ సూడ్లేదు. నెత్తిమీదికి తెమ్మన్నాను. ఇంకేటి సెయ్యను తల్లీ, గంట కట్టనా?"

మాధవీలత తన చీటీల కట్ట తీసి చూసుకుంది. ఆ మూడు కోర్కెలనూ మూడు వేరువేరు అవసరాలుగా, మూడు రంగుల చీటీల మీద తానే భక్తితో రాసుకుంది.

హైదరాబాదులో ఆ వరుస మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ‘లారీని ఎంచినది: కంప్యూటర్’. అప్పలస్వామి గారు రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివి, ముప్పై ఏళ్ల తర్వాత ఆ మాట రాశారు: ‘ఒప్పుకున్నాను’.

తర్వాత కాగితం ఆమె వైపు తోశారు. "కింద ఎనలిస్టు అని ఖాళీ ఉంది. నువ్వూ సంతకం ఎట్టీ."

మాధవీలత కలం ఎత్తింది. లారీ బోల్తా పడితే కంప్యూటరుకు ఛార్జిషీటు ఇవ్వలేరు. పెద్దాయన పేరు తెర మీద లేదు. కాగితం మీద ఆయన ఒప్పుకున్నదల్లా లారీని ఎంచేది కంప్యూటరని; దానికి ఎంచడం నేర్పించిందెవరని అడిగితే ఎంక్వయిరీకి దొరికేది ఎనలిస్టు పేరే.

పొందికైన అక్షరాలతో ‘చూశాను’ అని రాసి, సంతకం చేసింది.

"అచ్ఛా!" అన్నారు అప్పలస్వామి గారు. "ఇప్పుడు తాగు టీ."