లేచి నిలబడే మాట

"ఆ కార్డు తీసెయ్యండి టీచరమ్మా." హెడ్మాస్టర్ గోడవైపు వేలు చాపాడు.

ఐదో తరగతి పిల్లలు రాసిన కార్డులు గోడనిండా ఉన్నాయి. సైనికుడు. క్షతగాత్రుడు. అమరుడు. వందనం. ఆయన వేలు మాత్రం 'యుద్ధఖైదీ' దగ్గర ఆగింది.

"ఎందుకు తియ్యాలి సార్?"

"రేపు సన్మాన సభకి మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు వస్తున్నారు. పిల్లలు మాట చదవగానే ఆ మాటకి తగినవాళ్లు లేచి నిలబడతారు. మన బడి ఆనవాయితీ అది. ఈ మాటకి ఎవరు లేస్తారో మీకు తెలీదా?"

తెలియకేం! బడి ఎదురుగా మిషన్ కుట్టే దర్జీ. యుద్ధంలో శత్రువుకు పట్టుబడి, ఏళ్లతరబడి చెరలో మగ్గి తిరిగొచ్చాడు. ఒక ఏడాది 'సైనికుడు' అని చదవగానే ఆయనా లేచాడు. "చేతులెత్తినవాళ్లు కూర్చోవాలి" అన్నాడు అధ్యక్షుడు. హాలంతా గొల్లున నవ్వింది. అప్పట్నుంచి ఆయన 'చేతులెత్తిన తాత' అయ్యాడు. సభకి వచ్చినా లేవడం మానేశాడు.

ఆయన మనవరాలు ఇప్పుడు ఐదో తరగతి. "మా తాతయ్యకి మాటే లేదా టీచర్?" అని అడిగింది. ఆ కార్డు పుట్టింది అందుకే.

హెడ్మాస్టర్ తనే కార్డు పీకి నాలుగు ముక్కలు చేశాడు. "మీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. గుర్తుంచుకోండి."

"కాగితం చింపారు సరే. పిల్లలకి వచ్చేసిన మాటని ఏం చేస్తారు?"

సాయంత్రం ఆమె దర్జీ కొట్టుకు వెళ్లింది. ఆయన తలెత్తకుండానే పళ్లతో దారం తెంపాడు.

"నన్ను మళ్లీ నవ్వులపాలు చేస్తారా పంతులమ్మా?"

"చదవడం మా వంతు. లేవడం మీ ఇష్టం."

"లేవకపోతే నీతో కటీఫ్ తాతయ్యా!" అంది మనవరాలు బొత్తాల డబ్బా ఒళ్లో పెట్టుకుని.

మర్నాడు హాలు కిక్కిరిసింది. 'సైనికుడు' అన్నారు పిల్లలు. ముందు వరసలవాళ్లు లేచారు. 'క్షతగాత్రుడు' అన్నారు. చంకకర్ర మీద ఒకాయన లేచాడు. 'అమరుడు' అన్నారు. అమరుల ఇంటివాళ్లు లేచారు. ఇక మిగిలింది 'వందనం' అనుకుని హెడ్మాస్టర్ ఊపిరి పీల్చుకున్నాడు.

టీచర్ చెయ్యి ఎత్తింది. తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"యుద్ధఖైదీ!"

చివరి బెంచీ కిర్రుమంది. దర్జీ లేచాడు.

"కూర్చోవయ్యా! చేతులెత్తినవాడివి, నువ్వు కూడా లేవడమేనా?" అధ్యక్షుడు మైకు లాక్కున్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎత్తాను," అన్నాడు దర్జీ. ఆయనకు మైకు అక్కర్లేకపోయింది. "తూటాలు అయిపోయాయి. నా వెనక గాయపడ్డవాళ్లు పడున్నారు. నేను చెయ్యెత్తకపోతే వాళ్లని అక్కడే కాల్చేసేవాళ్లు. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ ఎత్తుతాను. కూర్చోమంటే మాత్రం కూర్చోను."

"హెడ్మాస్టర్‌గారూ! తర్వాతి మాట చదివించండి!" అని అరిచాడు అధ్యక్షుడు.

హెడ్మాస్టర్ పిల్లల మీద కళ్లెర్రజేశాడు. పిల్లలు టీచర్ వైపు చూశారు. ఆమె చెయ్యి ఎత్తలేదు. 'వందనం' చదివేదాకా లేచినవాళ్లెవరూ కూర్చోకూడదు. అదీ ఆనవాయితీయే. చంకకర్ర మీది మనిషి కాలు వణుకుతోంది, అయినా కదల్లేదు.

"'వందనం'కి ముందు సంఘంవారు లేచినవాళ్లందరికీ రిబ్బన్ పెట్టాలి కదా సార్. పెట్టండి, చదివిస్తాను," అంది టీచర్.

"ఇతనికా? నా చేత్తోనా? చచ్చినా పెట్టను!" అధ్యక్షుడు రిబ్బన్ల పళ్లెం బల్లమీద పడేసి బయటికి నడిచాడు.

"వద్దులే పంతులమ్మా," అన్నాడు దర్జీ. "ఆయన చేత్తో పెట్టింది నాకూ వద్దు. మీరు చదివించండి."

"వందనం!" అన్నారు పిల్లలు. మనవరాలి గొంతు అందరికంటే పైన పలికింది.

హెడ్మాస్టర్ టీచర్ పక్కకు వచ్చి పళ్లు కొరికాడు. "రేపట్నుంచి మీరు బడికి రానక్కర్లేదు."

"రేపు పిల్లలకి ఈ మాటల మీద పరీక్ష పెడుతున్నాను సార్. వస్తాను."

హాల్లో అందరూ కూర్చుంటున్నారు. దర్జీ ఇంకా నిలబడే ఉన్నాడు.