మంజుశ్రీ కొన్న మానిటరు

“పిల్లోడికా మేడం?” అని అడిగాడు కొట్టు యజమాని యతీశ్.

“అవునప్పా” అనేసింది మంజుశ్రీ. అనేశాక గుర్తొచ్చింది, తనకు కొడుకే లేడని. ఉన్నది ఎనిమిదో తరగతి చదివే అమృత ఒక్కతే. ఆ పిల్లకు రంగు పెన్సిళ్ళు చేతికిస్తే పూటంతా బొమ్మలు వేసుకుంటుంది గానీ కంప్యూటరు ఆటలంటే బొత్తిగా గిట్టదు. హోసూరు బాగలూరు రోడ్డులోని ఆ కొట్టులో అడుగుపెట్టి నిమిషం కాలేదు, అప్పుడే లేని కొడుకును ఒకణ్ణి కనేసి వాడికి గేమింగ్ మానిటరు కొనడానికి సిద్ధపడిపోయింది. ముప్పై ఏడేళ్ళ ఆడమనిషి తను ఆడుకోవడానికి మానిటరు కొనుక్కుంటున్నానని చెప్పడం కంటే కొడుకును కనడమే సులువుగా తోచింది ఆమెకు.

మంజుశ్రీ సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీ పెయింటు షాపులో పని చేస్తుంది. మోటారు సైకిళ్ళ పెట్రోలు ట్యాంకులకు రంగు వేసి పంపే కంపెనీ అది. వరుసగా కదిలివచ్చే ట్యాంకులను ట్యూబులైట్ల కింద తిప్పి చూసి, దుమ్ము రేణువు అంటుకున్నా, పెయింటు కమలాపండు తొక్కలా గరుకుతేలినా పక్కన పెట్టేయడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని. ఆమె కంటికి చిక్కని మచ్చ లేదని సూపర్‌వైజరు కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, కొత్తగా చేరిన మగపిల్లలకు పని నేర్పే బాధ్యత ఆమెకు అప్పగించి, నేర్పించేవాళ్ళకు ఇచ్చే హోదా మాత్రం ఆ నేర్చుకున్నవాళ్ళలో ఒకడికి ఇచ్చాడు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో ఉన్న కంప్యూటరు మరిది శశికుమార్‌ది. బెంగుళూరులో ఉద్యోగం రాగానే కంపెనీ లాప్‌టాప్ వచ్చింది కదా అని దీన్ని వదిలేసి పోయాడు. రెండేళ్ళ కిందట ఒకరోజు దుమ్ము తుడుస్తూ దాన్ని వెలిగిస్తే, అందులో మోటారు సైకిల్ రేసు ఆట ఒకటి కనిపించింది. ఏదో చూద్దామని కూర్చుంది. లేచేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయి, గిన్నె మాడిపోయి ఉంది. పెళ్ళయ్యాక ఆమె చేతుల్లో గిన్నె మాడడం అదే మొదలు. బాధపడాల్సింది పోయి, గిన్నె తోముతూ ఆమె లోలోపల నవ్వుకుంది. ఎందుకు నవ్వొచ్చిందో ఆనాడు ఆమెకు తెలియలేదు.

ఫస్టు షిఫ్టు వారాల్లో మూడింటికల్లా ఇల్లు చేరుతుంది. అమృత బడి నుంచి వచ్చేది నాలుగింటికి. ఆ మధ్య గంట ఆమెది. అలా ఆమెది కావడానికి కారణం అత్తగారు కెంచమ్మ. కోడలు కంప్యూటరు ముందు కూర్చోవడం మొదటిసారి చూసిన రోజున ఆమె “కంపెనీ పనా మంజూ?” అని అడిగింది. ఆటలో మలుపు తిప్పుతున్న మంజుశ్రీ తల తిప్పకుండా “ఊఁ” అంది. ఆ ఒక్క ఊకారం రెండేళ్ళు నిలిచింది. తెర మీద బండ్లు పరిగెత్తడం కెంచమ్మ చూడకపోలేదు. బండ్ల కంపెనీలో పని కదా, బండ్లే కనిపిస్తాయి అనుకుంది. “ఇంటికొచ్చినా దానికి పనే పాపం” అని పక్కింటావిడతో గొప్పగా చెప్పుకునేది. ఆ గంటలో కోడలిని పిలిచేది కాదు, బట్టలు తనే మడిచేది. అదే మంజుశ్రీ ఒకనాడు తలనొప్పితో కాసేపు నడుం వాలిస్తే, “పట్టపగలు ఆడోళ్ళు పడుకొంటే ఇల్లేమయ్యేది?” అని గడపలో నిలబడి అడిగిన మనిషీ ఆవిడే. అందుకే మంజుశ్రీ ఆ అబద్ధాన్ని దిద్దలేదు. దిద్దితే ఆ గంట పోతుంది. బట్టల మూటా, పప్పు చేటా మళ్ళీ ఒళ్ళోకి వచ్చి పడతాయి.

ఆటలో కొండదారి మలుపు ఒకటుంది. చీకటి పడుతున్న వేళ, ఎడమ పక్క లోయ. వందసార్లు అక్కడే పడిపోయింది. తన చేతిదే తప్పు అనుకుంది. పప్పులో ఉప్పెక్కువైనా, కూతురికి జ్వరం వచ్చినా, బస్సు తప్పినా ముందు తనవైపే వేలు చూపుకోవడం అలవాటైన మనిషి ఇంకేమనుకుంటుంది! ఏడాది పాటు వేళ్ళు సరిగ్గా పెట్టడం నేర్చుకుంది. అయినా పడింది. ఆఖరికి కంపెనీ బస్సులో కూర్చుని ఫోనులో చదివితే తెలిసింది: ఆ పాత తెర మీద బొమ్మ సెకనుకు అరవైసార్లే, అంటే అరవై హెర్ట్జ్‌తోనే, మారుతుంది, పైగా కదిలే వస్తువు వెనకాల నీడ ఈడ్చుకుంటూ పోతుంది. మలుపు ఆమెకు కనిపించేసరికి బండి దాన్ని దాటేసేది. తప్పు తనది కాదని తెలిసినప్పుడు ఆమెకు సంతోషం కంటే ముందు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత నెల రోజులు బస్సులో మానిటర్ల గురించే చదివింది. బోనసు పడ్డ మరునాడు కొట్టుకు వచ్చింది.

“పిల్లోడు ఏం గేమ్ ఆడతాడక్కా?” అన్నాడు యతీశ్, మేడం నుంచి అక్కలోకి దిగుతూ.

“బైక్ రేసు. నూట నలభై నాలుగు హెర్ట్జ్‌కి తగ్గకూడదు. ఫుల్ హెచ్‌డీ చాలు, అంతకు మించితే ఇంట్లో ఉండే గ్రాఫిక్స్ కార్డు లాగదు. టీఎన్, వీఏ, ఐపీఎస్, మూడు రకాల తెరలూ పక్కపక్కన పెట్టి చూపించప్పా. రాత్రిపూట రేసు వీడియో పెట్టు.”

యతీశ్ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, మూడు తెరలు వరుసగా వెలిగించాడు. ఒకే రేసు మూడింట్లో నడుస్తోంది. మంజుశ్రీ ట్యాంకును చూసినట్టే చూసింది. మొదట ఎదురుగా, తర్వాత తల పక్కకు వాల్చి. టీఎన్ తెర చురుకైనదే, బండి వెనక నీడ లేదు. కానీ తల కాస్త వాల్చగానే ఎర్ర ట్యాంకు నీరుకావి రంగుకు దిగిపోయింది. ఎదురుగా కూర్చున్నా ఆ ఎరుపు ఎరుపు కాదు. పదకొండేళ్ళుగా ఎరుపును చూస్తున్న కళ్ళను మోసం చెయ్యడం కుదరదు. వీఏ తెరలో చీకటి ఎంత చిక్కగా ఉందంటే చూడగానే మనసు అటు లాగింది. అయితే బండి నీడలోంచి నీడలోకి దూకినప్పుడల్లా నల్లరంగు అలుక్కుపోయింది, తడి ఆరని పెయింటు మీద వేలు పెట్టినట్టు. తనను వందసార్లు పడేసిన మలుపు సరిగ్గా అలాంటి చీకట్లోనే ఉంది. ఐపీఎస్ తెరలో నలుపు కొంచెం బూడిదగా, మూలల్లో పల్చటి వెలుగుగా ఉంది. కానీ రంగు నిలబడింది, బండి నిలబడింది, ఎటునుంచి చూసినా మాట మార్చలేదు. పక్కన గాజు పెట్టెలో ఓలెడ్ తెర ఒకటి వెలుగుతోంది. దాని ముందు మాత్రం ఆమె నోరు తెరిచి అలా నిలబడిపోయింది. ధర చీటీ చూసి నోరు మూసుకుంది.

“పక్కనుంచి ఏమిటికి చూస్తా ఉండారక్కా? ఆడే మనిషి ఎదురుగానే కదా కూర్చొనేది” అన్నాడు యతీశ్.

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. మంజుశ్రీకి మాత్రం చటుక్కున తగిలింది. ఇంట్లో టీవీని ఆమె పదిహేనేళ్ళుగా వంటింటి గుమ్మం నుంచే చూసింది. సినిమాల్లో సగం మొహాలు ఆమెకు పక్కనుంచే తెలుసు. ఎదుటి సోఫాలో మామగారు ఉన్నన్నాళ్ళూ మామగారు, తర్వాత భర్త. అక్కడ కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చునేంత సేపు ఎవరూ ఉండనివ్వలేదు, అంతే. ఎదురుగా కూర్చునే మనిషి కోసం వస్తువు ఎంచడం, ఆ మనిషి తనే కావడం ఇదే మొదలని తెలిసి ఆమెకు కాస్త గర్వంగానూ, కాస్త సిగ్గుగానూ అనిపించింది.

“ఐపీఎస్ ఇచ్చేయప్పా. కేబులు డిస్‌ప్లే పోర్టుది వెయ్యి.”

“బిల్లు సార్ పేరుకి రాసేదా?”

“మంజుశ్రీ అని రాయి.” ఆ మాట నోటినుంచి తిన్నగానే వచ్చింది. కొడుకు సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. బయటికి వచ్చేటప్పుడు “పిల్లోడు గెలవల్లక్కా!” అన్నాడు యతీశ్, మనస్ఫూర్తిగా. ఆటోలో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా ఆ మాట ఆమెను వదల్లేదు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు లేని కొడుకు వెనక ఎందుకు దాక్కున్నాను? పరుసులో ఉన్నది నా బోనసు, తెర చూసినవి నా కళ్ళు, పడిందీ లేచిందీ నేను. గెలిచేది మాత్రం వాడా? ఇంటి మలుపు తిరిగేదాకా తన మీద తనకు కోపంగానే ఉంది.

భర్త ఉదయ్ కుమార్ పెట్టెను చూసి ఆశ్చర్యపోయాడు. “ఉన్నది బాగానే ఉంది కదమ్మే, ఇది ఏమిటికి?”

“ఆడుకొనేదానికి.”

అతను నవ్వాడు. చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, తాగి రాడు, ఆ మాత్రానికే అత్తింటి చుట్టాలంతా మంజుశ్రీని అదృష్టవంతురాలంటారు. ఆదివారం వస్తే తెల్లవారకుండానే కంపెనీ క్రికెట్ జట్టుతో రాయకోటకో కావేరిపట్టణానికో పోయి, సాయంత్రం ఎర్రమట్టి అంటిన బట్టలతో తిరిగొస్తాడు. ఆ మట్టిని వదిలించేది మంజుశ్రీ. “వారమంతా కష్టపడినాడు కదా, పోయిరానీ” అంటుంది కెంచమ్మ. వారంలో ఆరు రోజుల కష్టం కోడలికీ ఉందని ఆ ఇంట్లో లెక్కకు రాలేదు.

“అమ్మకి ఆడుకొనేదానికి అని మాత్రం చెప్పొద్దు” అన్నాడు గొంతు తగ్గించి. “కంపెనీదే అనుకొంటుంది. అనుకోనీ. నీకూ మంచిదే, నాకూ మంచిదే.”

అతను చెప్పింది నిజమే. అందుకే ఆమెకు ఎక్కువ నొప్పి పుట్టింది. ఆ రాజీ మొదలుపెట్టింది తనే. ఇప్పుడు దానికి ఇంకో కాపలాదారు దొరికాడు.

మరునాడు ఆయుధ పూజ. హోసూరులో ఆ రోజు కంపెనీ గేటు దగ్గర లారీ నుంచి కుట్టు మిషను దాకా గంధం బొట్టు లేని వస్తువు ఉండదు. కెంచమ్మ హాల్లో చాప పరిచి ఇంట్లో పనిముట్లన్నీ వరుసపెట్టింది. వేప్పనపల్లిలోని తమ తోటలో మామిడికాయలు కోసే గోకర్ర, ఉదయ్ స్పానర్లు, కత్తిపీట, మిక్సీ, అమృత పెన్సిలు డబ్బా. వాటి మధ్య, ఏటేటా ఉన్నట్టే, ఉదయ్ క్రికెట్ బ్యాటు. దాని నుదుట అప్పటికే విభూది గీతలూ కుంకుమా పడ్డాయి. బ్యాటుతో ఏం పని జరుగుతుందని ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు. మంజుశ్రీ కూడా అడగలేదు.

“మంజూ, ఆ కొత్త తెర ఈడికి ఎత్తుకొని రామ్మా. కంపెనీ వస్తువు, బొట్టు పెట్టల్ల” అంది కెంచమ్మ. వేలికి గంధం అద్దుకుని సిద్ధంగా ఉంది.

మంజుశ్రీ మానిటరు తెచ్చి చాప మీద పెట్టింది. “తెరకి వద్దత్తా, కింద స్టాండుకి పెట్టు” అంది ముందు. ఆ తర్వాత, “అత్తా, ఇది కంపెనీది కాదు. పనికి తెచ్చింది కాదు” అంది.

“అంటే మీటింగులకమ్మా…” అని ఉదయ్ అందుకోబోయాడు.

“మీటింగులకీ కాదు. ఆడుకొనేదానికి కొనుక్కొన్నాను. ఇన్నాళ్ళూ మూడు గంటలకి నేను చేస్తా ఉండింది కంపెనీ పని కాదత్తా. బండ్ల ఆట. నువ్వు పని అనుకొంటివి, నేను ఊఁ అంటిని. తప్పు నాదే.”

కెంచమ్మ వేలి మీద గంధం ఆరిపోతోంది. ఆమె మొహంలో కోపం రావడానికి కొంచెం సేపు పట్టింది. అంతకంటే ముందు వచ్చింది మోసపోయిన బాధ. రెండేళ్ళు మడిచిన బట్టలన్నీ కళ్ళ ముందు కదిలాయేమో. అమృత బొరుగులు నములుతూ నములుతూ ఆగిపోయింది. మంజుశ్రీకి అత్తను చూస్తే జాలేసింది, సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

“ఆటనా?” అంది కెంచమ్మ. “పదమూడేళ్ళ బిడ్డ తల్లివి. ఇంట్లో ఇంత పని పెట్టుకొని ఆడుకొంటావా? పనంతా అయిపోయినాక ఆడుకో, నేను వద్దంటానా?”

మంజుశ్రీ ఆమె ఎదురుగా చాప మీద కూర్చుంది. ఆ ముసలి చేతుల్లో ముడతల మధ్య గంధం తెల్లగా ఆరిపోయి ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, తెల్లవారి నాలుగింటికి లేచింది ఈ పూజ కోసం.

“నీకు ఎప్పుడన్నా అయిపోయిందా అత్తా, పని?”

కెంచమ్మ వేలి మీద ఆరిన గంధాన్ని బొటనవేలితో రాల్చింది.

“నాకూ అయిపోదు. అందుకే, అయిపోకుండానే ఆడుకొంటాను.”