మేడ మీద ఎవరూ పోలేదు

“ముసలోళ్ళకు నీళ్ళు పోసే పనికి గూడా సంఘమేంది?” అని నవ్వాడు నా మొగుడు అమరనాథ్, ఫారం చేతికిచ్చినప్పుడు. నేను అన్నం వారుస్తున్నాను. ఆయన నవ్వితే నేనూ నవ్వడం అలవాటు. నవ్వాను.

అసలు దాన్ని ఆయనకెందుకిచ్చాను? పావగడలో నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఆయాలు సంఘం పెట్టుకుంటున్నారు. తోటి ఆయా శిల్పశ్రీ ఫారం తెచ్చి, “ఈడ సంతకం పెట్టక్కా” అంది. “ఇంట్లో పెట్టించుకోనొస్తా” అన్నాను. రాయచెర్లులో మా ఇంట్లో ఏ కాగితం మీదైనా మగవాళ్ళే సంతకం పెడతారు. సోలారు కంపెనీకి మా పొలం లీజుకిచ్చిన రోజు కూడా, ఆ చేలో పదేళ్ళు కలుపు తీసిన నేను వచ్చినవాళ్ళకు టీ పెట్టిచ్చాను. నా మాటకు శిల్పశ్రీ నన్ను వింతగా చూసింది.

ఫారం తిరిగి నా చేతికి రాలేదు. ఆయనకిష్టం లేదు కాబోలనుకున్నాను. మళ్ళీ నవ్వుతాడని అడగలేదు.

ఇంతలో కరోనా రెండోసారి వచ్చింది. ఆశ్రమంలో మేడ మీద పనిచేసే ఆయాలు ఆరుగురూ సంఘంలో చేరారు. జ్వరమొస్తే జీతం కోయకుండా సెలవివ్వాలని, పైన చేసేవాళ్ళను కిందికి పంపకూడదని కొట్లాడి రాయించుకున్నారు. ఇవన్నీ సంఘంలో ఉన్నవాళ్ళకే అన్నాడు మేనేజరు. కింద పనిచేసే మేం ముగ్గురం చేరలేదు. నాకు ఒళ్ళు కాలిపోతున్న రోజు మా అత్త పుట్టమ్మ, “మాత్ర మింగి పోమ్మా, ఇంట్లో కూచుంటే జీతం యాడొస్తాది?” అంది. మింగి, ఆటో ఎక్కాను. ఎప్పటిలాగే కింది గదిలో ఉండే జయలక్ష్మమ్మవ్వకు ముద్ద పిసికి నోటికందించాను.

“సుమా, నీ చెయ్యి కాల్తాండాది. ఇంటికి పోరాదా?” అంది అవ్వ.

“పొయ్యికాడ నుంచి వచ్చినాలే అవ్వా” అని అబద్ధమాడాను. ఆమె నమ్మి ఇంకో ముద్ద తింది.

పది రోజులకు అవ్వ పోయింది. తర్వాత కింద ఇంకో ఇద్దరు పోయారు. మేడ మీద ఎవరూ పోలేదు.

నా వల్లేనా? వయసైపోయిందంటాడు మేనేజరు. పైన గాలి బాగా ఆడుతుందంటుంది వంటామె. డాక్టరునడిగితే చెప్పలేమన్నాడు. శిల్పశ్రీ నన్ను ఒక్క మాట అననందుకు ఆమె మీద కూడా కోపమొస్తుంది. అత్తనేమైనా అందామంటే, ఆమె జ్వరంతోనే కూలికి పోయి బతికిన మనిషి. ఎటు తిరిగినా ఆ ముద్ద పెట్టిన చెయ్యి నాదే. అంతకు మించి నాకేమీ తెలియడం లేదు.

ఈ రోజు పొద్దున రేషన్ కార్డు కోసం లీజు కాగితాల కవరు దులిపితే ఆ ఫారం కిందపడింది. ‘సభ్యురాలి సంతకం’ అన్నచోట ఆయన సంతకం ఉంది.

“అప్పుడే పెట్టి ఆడ పెట్టినా గదా. నువ్వడగల్యా” అన్నాడు, పళ్ళెం ముందుకు జరుపుతూ.

వద్దన్నాడనుకున్నన్నాళ్ళూ కోపం చేసుకోవడానికి నాకొక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఎవరి మీద కోపం చేసుకోవాలి? చదవకుండా నా పేరు చోట తన పేరు రాసిన ఆయన మీదా, రాయమని ఇచ్చిన నా మీదా?

ఆయన పళ్ళెం అలాగే ఉంచి పెన్ను తీసుకున్నాను. ఆయన సంతకం కొట్టేసి, పక్కన సుమ అని రాశాను. తేదీ దగ్గర చెయ్యి ఆగింది. నాకు జ్వరమొచ్చిన రోజుకు ముందుది వేయాలని ప్రాణం కొట్టుకుంది. ఈ రోజుదే వేశాను.