కళ్లు పెట్టని రాయి

శనివారం ఉదయం ఆరుంబావుకు దెబోరా జడ వేసుకుని, జాన్ పంపిన ఫ్లాపీ వంగిపోకుండా బైబిల్లో పెట్టి, బైబిల్ని చేతిసంచిలో సర్దుకుంది. అది 1989 జులై.

"యాడికి పోతాండావే పొద్దున్నే?" నంద్యాలలోని తమ ఇంటి వాకిలి ఊడుస్తూ తల్లి కమలమ్మ అడిగింది.

"ఆళ్లగడ్డకు. నాగలింగాచారి రాయి కాడికి."

"విగ్రహం కాడికా? రేపు సర్చిలో ఏ మొగం పెట్టుకుని కూచుంటావ్?"

"ఇంకా కళ్లు పెట్టలేదు లేమ్మా. పెట్టేదాకా రాయే."

"బాగుంది నీ మతం!" కమలమ్మ చీపురు విదిలించింది. "రేపు బనగానపల్లె సంబంధం వాళ్లొస్తారు. అవునో కాదో చెప్పాల్సింది నువ్వు, రాయి కాదు."

ఏం చెప్పాలో దెబోరాకు తెలియదు. తను మనసిచ్చిన జాన్ మద్రాసులో కంప్యూటర్ కంపెనీలో చేరి రెండేళ్లయింది. మొదట్లో వారానికో ఉత్తరం వచ్చేది, తర్వాత నెలకొకటి. ఈ వేసవిలో అదీ లేదు. పోస్టుమ్యాన్ సైకిల్ బెల్లు వినబడితే దెబోరా టీచరమ్మ లెక్క మధ్యలో ఆగిపోతుందని బడిపిల్లలకు కూడా తెలుసు. పోయినవారం అతను తెచ్చింది ఉత్తరం కాదు, ఈ నల్లని ఫ్లాపీ.

బట్టల అంగడి మేడమీద కంప్యూటర్ పెట్టుకున్న మాధవయ్య దాన్ని వేసి చూశాడు. అక్షరాలకు బదులు తెర నిండా గీతలు, హృదయాలు, నవ్వు మొగాలు పడ్డాయి.

"ఇది మా వర్డ్‌స్టార్ ప్రోగ్రాంలో రాసింది కాదమ్మా. వాళ్ల కంపెనీ ప్రోగ్రామే ఉండాల," అన్నాడు. "నకలు తీసి పెట్టుకుంటా, ఆ ప్రోగ్రాం దొరికితే చూస్తా. తొందరగా కావాలంటే ఆళ్లగడ్డకు పో."

శిల్పి నాగలింగాచారి ఒక గుడికోసం చెక్కుతున్న అమ్మవారు చేయి ముందుకు చాచి ఉంటుంది. ఆ అరచేతిలో ఫ్లాపీ పెడితే చదువుతుంది. ఏ కంపెనీది, ఏ ప్రోగ్రాంలో రాసింది అన్న పట్టింపు లేదు. చుట్టుపక్కల గుమాస్తాలు బస్సెక్కి వచ్చి చదివించుకుని పోతుంటారు. కళ్లు పెట్టే తంతు అయ్యాక అమ్మవారు గుడికి పోతుంది, ఇక చదవదు. ముహూర్తం సోమవారానికి కుదిరింది.

దెబోరా చేరేసరికి ఒక రైస్‌మిల్లు గుమాస్తా రాయి ముందు కూర్చుని తవుడు లెక్కలు రాసుకుంటున్నాడు.

"రోంత నిదానంగా చదువు తల్లీ, చెయ్యి పడిపోతాంది!"

రాయి నిదానించలేదు. దాని గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. రేడియోలో ప్రాంతీయ వార్తలు చదివినట్టుంటుంది.

దెబోరా వంతు వచ్చింది. ఆచారి ఉలి పక్కన పెట్టాడు.

"ముందే చెప్తాండా అమ్మా. చెరిపిన మాటలు తెర మీద పోతాయి గానీ ఫైల్లో యాడో ఒకచోట ఉంటాయంట. ఈమె అవీ చదువుతాది. కళ్లు లేవు గదా, ఉంచిందేదో చెరిపిందేదో తెలీదు. మొన్నొకాయన చెరిపేసిన తిట్లన్నీ వాళ్ల ఆఫీసరు ముందరే చదివింది."

దెబోరా ఫ్లాపీని రాతి అరచేతిలో పెట్టింది.

"దెబోరా," అంది రాయి. "నాకోసం చూడొద్దు. ఈడ ఒక్క గదిలో నలుగురం ఉంటాం. వచ్చిన సంబంధం చేసుకో. పెరంబూరులో సర్చి పక్కన గది ఒకటి చూసినా. కిటికీలోంచి రైలు కనపడతాది. నువ్వుంటే తీసుకుందును. మద్రాసు రావద్దు. రా."

"ఇందులో ఏది చెరిపినాడు?" అని దెబోరా ఆచారిని అడిగింది.

"నాకేం తెలుసు తల్లీ? రాసినోడికే తెలియాల."

మళ్లీ చదివించింది. రాయి అదే గొంతుతో అవే మాటలు చెప్పింది. 'రావద్దు' ఎంత తేటగా పలికిందో 'రా' అంతే తేటగా పలికింది. దెబోరా తల ఎత్తి, కళ్లుండాల్సిన చోట ఉన్న నున్నటి రాతిని చాలాసేపు చూసింది. రెండేళ్లలో ఏ ఉత్తరంలోనూ జాన్ ఆమెను రమ్మనలేదు.

రోడ్డు మీదికి వచ్చేసరికి నంద్యాల బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

"ఎక్కుతావామ్మా, ఎక్కవా?" కండక్టర్ కసిరాడు.

"కడప బస్సు యాడ ఆగుతాది అన్నా?"

"అవతల. మద్రాసు రైలుకా? అయితే పరుగెత్తు."

దెబోరా రోడ్డు దాటింది.

ఆగస్టు మొదటివారంలో కమలమ్మ మాధవయ్య అంగడికి వచ్చింది, దెబోరాకు జాన్‌కు పెరంబూరు చర్చిలో జరిగే పెళ్లికి శుభలేఖ టైపు చేయించడానికి. ఆ ముందురోజే మాధవయ్యకు హైదరాబాదు నుంచి ఆ ప్రోగ్రాం అందింది.

"మీ పాప ఫైలు తెరుచుకునింది, చూడు," అని అతను తెర మీద ఉన్నది చదివి వినిపించాడు. నాకోసం చూడొద్దు, ఈడ ఒక్క గదిలో నలుగురం ఉంటాం, వచ్చిన సంబంధం చేసుకో, మద్రాసు రావద్దు. పెరంబూరు గది గురించి గానీ, కిటికీ గురించి గానీ అందులో ఒక్క అక్షరం లేదు, 'రా' అన్న మాటా లేదు.